కొలిచానని చెప్పిన గుండ్లు

మా మావగారికి కళ్లు సరిగా కనిపించడం లేదన్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. నేను కనిపెట్టిందేమీ లేదు. ఆయనే చెప్పారు.

ఒక శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, వెనక గది గుమ్మంలో నిలబడి పిలిచారు. పెళ్లయిన మూడేళ్లలో ఆ గదిలో నేను అడుగు పెట్టలేదు. అత్తయ్య కూడా వెళ్లేది కాదు. ఆయనే ఊడ్చుకుని, ఆయనే తాళం వేసుకునేవారు. ముప్ఫై ఏళ్లు ఫౌజులో తుపాకులు బాగుచేసే పనిలో ఉండి, రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఊళ్లో ఉన్న రైఫిల్ క్లబ్బుకు, సభ్యుల ప్రాక్టీసు కోసం పేలిన తూటాలను మళ్లీ నింపుకునే అనుమతి కాగితం ఉండేది. ఆ నింపే పని క్లబ్బు తరఫున మావగారిదే.

"ఇది చదవనొస్తదా నీకు?" అంటూ నా చేతిలో స్క్రూగేజీ పెట్టారు.

నాకు నవ్వొచ్చింది. సికింద్రాబాద్‌లో ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని.

"వస్తుంది మావయ్యా. పిల్లలకు నేర్పేదే కదా."

"అయితే గీ సన్న గీతలు జెర చదువు."

చదివాను. ఆయన కాగితం మీద రాసుకున్న అంకె వేరు, నేను చెప్పింది వేరు. ఆయన గేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు చికిలించి, తల అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

"రెండు నెలలాయె బిడ్డా. గీతలన్నీ కలిసిపోయి ఒక్కటే గీత లెక్క కనబడ్తున్నయ్. ఇంట్ల ఎవ్వరికీ చెప్పకు. మీ ఆయనకు సుత."

"డాక్టరుకు చూపించుకుంటే సరిపోయేదానికి..."

"చూపిస్తే పొర అంటడు, ఆపరేషన్ అంటడు. క్లబ్బుల తెలుస్తది. కండ్లు కనబడనోడు నింపిన తూటా ఎవడు పేలుస్తడు చెప్పు? వేరెటోన్ని పెట్టుకుంటరు."

మామూలుగా నాతో రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. బాపట్ల వైపు నుంచి వచ్చిన కోడలి యాస ఆయనకు కొత్త, ఆయన యాస నాకు కొత్త. అలాంటాయన నన్ను నమ్మి ఒక రహస్యం చెప్పారని లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది. సరేనన్నాను. తప్పు అక్కడే మొదలైందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కాదు. నేను చేసిన తప్పు అంతకంటే స్పష్టమైనది.

తూటా గురించి నాకు అంతకుముందు ఏమీ తెలియదు. ఆ నెల రోజుల్లో తెలిసింది. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న క్యాప్, గొట్టం లోపల మందు, మూతి దగ్గర గుండు. పేల్చినప్పుడు ఎగిరిపోయేది గుండు మాత్రమే. గొట్టం మిగులుతుంది. క్లబ్బువాళ్లు ఆ గొట్టాలను ఏరి తెచ్చి ఇస్తే మావగారు మళ్లీ కూర్చేవారు. మందు తూకం నా చేత చూపించుకునేవారు. త్రాసు ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసి చెప్పేదాన్ని. ఆ పనిలో నేనెప్పుడూ పొరపాటు చేయలేదు.

ఆ చలికాలం గుండ్లు అయిపోయాయి. పోటీలు దగ్గరపడుతున్నాయి. ఒకేసారి ఐదు వందలు కొనుక్కురమ్మని క్లబ్బు కార్యదర్శి చెప్పారు. ఆయన కూడా ఫౌజు నుంచి రిటైరైన ఆఫీసరే. చీటీ, అనుమతి కాగితం ఇచ్చారు. మావగారు నన్ను కూడా రమ్మన్నారు. అత్తయ్యతో మాత్రం, కోడలికి మోండా మార్కెట్‌లో కూరగాయలు కొనాలట, తోడు వెళ్తున్నాను అన్నారు.

ఆ రోజే మధ్యాహ్నం మూడు గంటల బండికి మా అమ్మ బాపట్ల నుంచి వస్తోంది. అప్పటిదాకా అమ్మ ఒంటరిగా రైలెక్కి ఎరగదు. స్టేషన్లో నేను కనిపించకపోతే కంగారుపడి ఏం చేస్తుందోనని పొద్దుటి నుంచీ నాకు ఒకటే బెంగ.

మార్కెట్‌కు రెండు సందుల అవతల, పైన పావురాలు వాలే ఒక పాత మేడ కింద ఉండేది ఆ కొట్టు. ఇనుప జాలీ వెనక గోడకు తుపాకులు. యజమాని ముసలాయన. పాత కాగితాల వాసన వేసే రిజిస్టర్ తెరిచి, మా కాగితం మీద అంకెలన్నీ వేలు పెట్టి చదివి రాసుకున్నాడు. తర్వాత రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి విదేశీ సరుకు, నూరేసి చొప్పున సీలు వేసిన అట్టపెట్టెలు. ఇంకొకటి మూత లేని పెద్ద రేకు డబ్బా, నిండా విడి గుండ్లు.

"పెట్టెలు ఐదు లేవు సాబ్. రెండే ఉన్నయ్. గీ విడి మాల్ తీస్కోండి. పాత స్టాకే గానీ మంచిది. ఒక షికారీ ఆయన ఇంట్ల నుంచి వచ్చింది."

మావగారు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు గుండ్లు తీశారు. అద్దం బల్ల మీద ఒక్కొక్కటే దొర్లించారు. అవి దొర్లుతున్న చప్పుడు వినడానికి చెవి అద్దానికి దగ్గరగా వంచారు. వంకర ఉన్నది దొర్లితే చప్పుడు మారుతుందట. రెండింటిని పక్కన పెట్టేశారు.

"మాల్ మంచిదే. కానీ విడిది గదా, అన్నీ ఒక్క సైజేనా అని కొలవాలె," అన్నారు.

"అన్నీనా? ఐదు వందలా?" కొట్టాయన గడియారం వైపు చూశాడు. "సాబ్, నేను ఒంటి గంటకు నమాజుకు పోవాలె. పదో వంతు చూస్కోండి, సరిపోతది."

"అన్నీ," అన్నారు మావగారు. "గిది కందిపప్పు కాదు. తుపాకి గొట్టం సైజు ఒక్కటే. గుండు గింత లావైనా తక్లీఫ్ అయితది. బిడ్డా, కూర్చో."

కూర్చున్నాను. గేజీ తెరవడం, గుండు పెట్టడం, మర తిప్పడం, చదవడం. "ఏడు ఎనభై రెండు" అనేదాన్ని. అంటే ఏడు మిల్లీమీటర్ల పైన వందో వంతులు ఎనభై రెండు. ఆయన తలూపి, ఆ గుండును గుడ్డసంచిలో వేసేవారు. మళ్లీ ఏడు ఎనభై రెండు. మళ్లీ అదే. ఇరవై అయ్యేసరికి పావుగంట గడిచింది. అరవై దాటేసరికి గోడ గడియారం పన్నెండు. ఇలా అయితే సాయంత్రమవుతుంది. కొట్టాయన తాళంచెవులు చేతిలో గలగలలాడించడం మొదలుపెట్టాడు. నాకు అమ్మ ప్లాట్‌ఫారం మీద సంచి పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డట్టు కళ్లముందు కనబడుతోంది.

మావయ్యా, ఆలస్యమవుతోంది, పదో వంతు చూద్దాం అని ఒక్క మాట అనొచ్చు. రేపు మళ్లీ వద్దాం అనొచ్చు. ఏదీ అనలేదు. అరవై రెండు గుండ్లు, అన్నీ ఒకటే కొలత. మిగతావి మాత్రం వేరుగా ఎందుకుంటాయి అనిపించింది. తర్వాతి గుండును గేజీలో పెట్టి, మర ఒక్క చుట్టు తిప్పి, చూడకుండానే చెప్పాను.

"ఏడు ఎనభై రెండు."

ఆయన తలూపి సంచిలో వేశారు.

అంతే. తర్వాత చెయ్యి దానంతటదే తిరిగింది, నోరు దానంతటదే చెప్పింది. ఏడు ఎనభై రెండు, ఏడు ఎనభై రెండు. ఏడు సెకన్లకొకటి. ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. ఆ కళ్లకు గీతలు కనిపించవని నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

ఒంటి గంటకు ఐదు నిమిషాల ముందు ముగించాం.

"హుషారుగ చేసినవ్," అన్నారు సంచి మూతి కడుతూ. ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి.

అమ్మ వచ్చే బండి ఆ రోజు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. స్టేషన్ బల్ల మీద కూర్చుని ఆ గంటన్నరా గడియారం చూస్తూ గడిపాను.

రెండు వారాల తర్వాత ఎనభై తూటాలు కూర్చాం. మందు నేను తూచాను. గుండ్లు ఆయన దించారు. ఆ పని కోసం బల్లకు బిగించిన చేతిమర ఒకటి ఉండేది. పిడి కిందికి లాగితే గుండు ఇత్తడి మూతిలోకి దిగుతుంది. ఇరవయ్యో ఇరవై ఒకటో దించుతూ ఆగారు.

"గిది జెర గట్టిగ దిగుతున్నదేంది?"

నేను త్రాసు మీదికి వంగాను. ఇంకో నాలుగు తేలిగ్గా దిగాయి. మళ్లీ ఒకటి గట్టిగా.

"అన్నీ కొలిచినవ్ గదా బిడ్డా?"

"కొలిచాను మావయ్యా."

ఆయన తన కుడి భుజాన్ని ఎడమ చేత్తో నొక్కుకున్నారు. "చెయ్యి సుత ముసల్దయితున్నట్టుంది," అని పిడి లాగారు. తన చేతిని అనుమానించుకున్నారు, నా మాటను కాదు. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే ఇది రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆదివారం పొద్దున్నే క్లబ్బు జీపు వచ్చి ఆయన్నీ తూటాల పెట్టెనీ తీసుకెళ్లింది. మా ఆయన, అత్తయ్య, అమ్మ చర్చిలో ఆరాధనకు బయల్దేరారు. నేను తలనొప్పి అన్నాను. నిజంగానే రాత్రి సరిగా నిద్రపట్టలేదు. ఇల్లు ఖాళీ అయ్యాక వెనక గదిలోకి వెళ్లాను. తాళంచెవి ఇప్పుడు నాకూ ఇచ్చి ఉంచారు. మిగిలిన గుండ్ల సంచి విప్పి బల్ల మీద పోశాను. ఒక పది కొలిస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను.

మొదటిది ఏడు ఎనభై రెండు. రెండోది కూడా. మూడోది ఏడు తొంభై.

మళ్లీ కొలిచాను. గేజీని గుడ్డతో తుడిచి ఇంకోసారి కొలిచాను. ఏడు తొంభై. నాలుగోది మామూలుదే. ఐదోది ఏడు తొంభై. పక్కపక్కన పెడితే కంటికి తేడా ఏమీ లేదు. ఒకే రంగు, ఒకే ఆకారం. ఆ షికారీ ఇంట్లో రెండు రకాల తుపాకులు ఉండి ఉంటాయి. ఎప్పుడో ఎవరో రెండు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి ఒకే డబ్బాలో పోసేశారు. నేను కొలిచిన అరవై రెండూ పైవి.

లావు గుండు ఇరుకు తుపాకి గొట్టంలో బిగుసుకుంటే లోపలి ఒత్తిడి ఎటు తన్నుతుందో భౌతికశాస్త్రం టీచరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పేల్చే మనిషి కన్ను గొట్టం వెనక జానెడు దూరంలో ఉంటుంది.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. వీధి చివరిదాకా పరిగెత్తి ఆటో ఎక్కాను. రైఫిల్ రేంజి కాప్రా చెరువు దాటి, రాళ్ల గుట్ట అడ్డుగా ఉన్న మైదానంలో. అక్కడ ఫోను లేదు.

"తొందరగా పోనీ బాబూ."

"ఏమైందమ్మా, ఎవరికన్నా బాగలేదా?"

"ఒకాయనకు దెబ్బ తగులుతుంది."

"తగిలిందా?"

"ఇంకా లేదు."

అతను అద్దంలో నన్నొక చూపు చూసి, ఇంకేమీ అడగకుండా బండి ఉరికించాడు. చెరువు పక్కన గేదెలు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాయి. అతను దిగి అదిలించాడు. నేనూ దిగి చీర కొంగు ఊపుతూ అరిచాను. మళ్లీ ఎక్కుతుంటే దూరంగా, గుట్ట వైపు నుంచి, ఒక చప్పుడు వినిపించింది. పేలుతున్నారు. అది మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది? ఇంకొకటి. ఆ చప్పుడు తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు మరింత భయం వేసింది.

గేటు దగ్గర ఎర్రజెండా ఎగురుతోంది. జెండా ఉన్నంతసేపు లోపలికి ఎవర్నీ వదలరు.

"రూల్ లేదమ్మా," అన్నాడు కాపలాదారు. "జెండ దిగినంక పోవచ్చు."

"పేల్చడం ఆపించాలి. తూటాలు మంచివి కావు. మా మావగారు నింపినవి. జెండా దించు, దయచేసి ఆపించు!"

అతనికి సగమే అర్థమైంది. కానీ నా ముఖం చూసి భయపడ్డట్టున్నాడు. మెడలో విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అతను ఊదేలోపే నేను అతని పక్కనుంచి దూరి లోపలికి పరిగెత్తాను.

దూరం నుంచే కనిపించారు. షెడ్డు కింద చాప మీద ఒకాయన బోర్లా పడుకుని తుపాకి భుజానికి ఆనించి ఉన్నాడు. బ్యాంకు ఆఫీసరాయన, క్లబ్బులో అందరికంటే బాగా పేల్చేవాడు, ఆ ఏడాది పోటీలకు ఈయన మీదే ఆశ అని మావగారు చెప్పేవారు. ఆయన వెనక స్టూలు మీద మావగారు. ఇంకో పక్క కార్యదర్శి.

"ఆపండి!" అని అరిచాను. విజిల్ మోగింది. రెండూ కూడా ఆ పేలుడులో కలిసిపోయాయి.

ఆ చప్పుడు వేరు. వెనక్కి పేలినట్టు, తెగినట్టు ఉంది. తుపాకి పక్కనుంచి పొగ బుస్సున చిమ్మింది. ఆయన తుపాకి వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఒక పక్కకు దొర్లాడు.

తర్వాతి నిమిషాలు ముక్కలుగానే గుర్తున్నాయి. కార్యదర్శి మోకాళ్ల మీద కూర్చుని ఆయన చేతులు తొలగించడం. కుడి చెంప మీద మసి, సన్నని రక్తపు చుక్కలు. కన్ను గట్టిగా మూసుకుపోయి, నీళ్లు కారుతూ. "కనబడ్తలేదు, సాబ్, కనబడ్తలేదు" అన్న ఆయన గొంతు. మావగారు నీళ్ల సీసా పట్టుకుని, ఎటు పోయాలో తెలియనట్టు నిలబడిపోవడం.

ఆయన్ను జీపులో ఎక్కించాక కార్యదర్శి వెనక్కి తిరిగారు. కోపంగా లేదు ఆయన ముఖం. ఫౌజులో విచారణ చేసినట్టు నిదానంగా అడిగారు.

"గుండ్లు ఎవరు కొలిచారు?"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. చీర కుచ్చిళ్లకు మట్టి అంటుకుని ఉంది. ఎందుకొచ్చానో కూడా ఇంకా ఎవరూ అడగలేదు.

"నేనే సాబ్," అన్నారు మావగారు.

"అన్నీ?"

"అన్నీ."

కార్యదర్శి జీపు ఎక్కారు. నేను మాట్లాడలేదు. నేను కొలిచానంటే ఆయన కళ్ల సంగతి బయటపడుతుంది, రహస్యం కాపాడుతున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. దాని వెనక దాక్కున్నది కూడా నిజమే.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో ఆయన ఒక్కటే మాటన్నారు. "పేలిన గొట్టం బయటికి గుంజే బోల్ట్ గట్టిగ వస్తున్నదని ఆ బాబు ముందే చెప్పిండు. నేను చూసిన. ఏం కనబడలే. ఇంకొక్కటి కొట్టి చూడున్రి అన్న."

కంట్లో ఇత్తడి రేణువులు పడ్డాయని, నల్లగుడ్డు మీద గీత పడిందని, చూపు నిలుస్తుందో లేదో వారం పోతే గానీ చెప్పలేమని డాక్టర్లు అన్నట్టు సాయంత్రానికి కబురొచ్చింది. మా ఆయన వాళ్ల నాన్నను కసిరాడు. ఈ వయసులో ఈ పనులు ఎందుకన్నాడు. అత్తయ్య ఏడ్చింది. మావగారు కంచం ముందు కూర్చుని అన్నం కలిపి, తినకుండా లేచారు. సోమవారం, మంగళవారం, బుధవారం నేను బడికి వెళ్లి వచ్చాను. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఎందుకాగానో తెలియక పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.

గురువారం క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. మావగారు దాన్ని విప్పి, దగ్గరగా పట్టి, దూరంగా పట్టి, చివరికి వరండాలో ఉన్న నా చేతికిచ్చారు. "చదువు."

చదివాను. జరిగిన ప్రమాదం గురించి ఆదివారం కమిటీ కూర్చుంటుందని, తమరు రావాలని మొదటి పేరా. రెండో పేరా దగ్గర ఆగాను. దాన్ని వదిలేసి మూడో పేరాకు వెళ్లొచ్చు. ఆయనకు తెలియదు. గేజీ ముందు కూర్చున్నప్పుడు ఎంత సులువుగా ఉండిందో ఇప్పుడూ అంతే సులువు.

"'గుండ్ల కొలతలో మీరు చూపిన నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని ప్రాథమికంగా భావిస్తున్నాము,'" అని చదివాను. ఉత్తరం మడిచాను. "మావయ్యా, నిర్లక్ష్యం మీది కాదు. నేను కొలవలేదు."

ఆయన నా వైపు తిరిగారు.

"ఎన్ని కొలిచినవ్?"

"అరవై రెండు."

"తర్వాతివి?"

"చూడకుండా చెప్పాను."

"అన్నిటికీ అదే లెక్క చెప్పినవా? నా ముంగట కూర్చోని?"

"అవును."

"మర మీద దించేటప్పుడు సుత అడిగిన గదా నిన్ను."

"అడిగారు."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఊరుకోబెట్టాల్సి వస్తుందని గట్టిగా పెదవి కొరుక్కున్నాను. ఆయన లేచి గేటు దాకా నడిచారు. తిట్టినా బాగుండుననిపించింది. వెనక్కి వచ్చేసరికి ఆయన దవడ కదులుతోంది.

"నాకు చెప్తే ఏమైతది? నా కంట్లె పడలేదు గదా. తయ్యారై రా. మారేడుపల్లి పోదాం."

ఆ బ్యాంకు ఆఫీసరాయన ఇంటి తలుపు ఆయన భార్య తీసింది. మావగారిని చూసి లోపలికి రమ్మనడానికి కూడా తటపటాయించింది. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. కుడి కంటి మీద తెల్ల కట్టు. కూర్చోమన్నాడు. మేం కూర్చోలేదు. నేను మొత్తం చెప్పాను. రైలు సంగతి కూడా చెప్పాను. చెబుతుండగానే అది ఎంత చిన్న కారణమో నా చెవులకే తెలిసింది.

ఆయన వింటూ కింద ఉన్న దుప్పటి అంచు మడతలు పెట్టాడు. ఆయన మాట్లాడకముందే భార్య మాట్లాడింది.

"మీ అమ్మను రైలు దింపుకోవాలెనని మా ఆయన కన్ను పణం పెట్టినవా?"

"అవునండీ," అన్నాను.

"కన్ను పోయుంటే ఏం చేద్దువు? సారీ చెప్పి పోదువా? నువ్వు టీచరమ్మవట గదా! పిల్లలకు గిదేనా నేర్పేది?"

"ఊకోవే," అన్నాడు ఆయన మెల్లగా. తర్వాత మావగారి వైపు ముఖం తిప్పాడు. "నాది సుత తప్పుంది అంకుల్. బోల్ట్ రెండుసార్లు గట్టిగొచ్చింది. అప్పుడే ఆపాలె ఉండె నేను. స్కోరు మంచిగ వస్తుందని ఆశపడ్డ."

"నీదేం తప్పు లేదు," అన్నారు మావగారు. "నా కండ్లు కనబడ్తలేవు బాబూ. మూడు నెలల సంది. దాచిన. ఈ పిల్లను సుత దాచమన్న."

ఆమె కాఫీ ఇవ్వలేదు. గుమ్మం దాకా వచ్చింది. మేం మెట్లు దిగుతుంటే తలుపు వేసిన చప్పుడు వినిపించింది. ఆ రాత్రే మావగారు కొడుకుకు తన కళ్ల సంగతి చెప్పారు.

ఆదివారం కమిటీ ముందు ఇద్దరం నిలబడ్డాం. నేను చెప్పింది రాసుకున్నారు. ఉత్తరంలో ఆ వాక్యం కొట్టేస్తామని కార్యదర్శి అంటే, మావగారు వద్దన్నారు. దాని కిందే తన కళ్ల సంగతి దాచిపెట్టినట్టు కూడా రాయమన్నారు. రాశాక నా చేత చదివించుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించమన్నారు. అప్పటి నుంచి క్లబ్బు తూటాలు నింపుకోవడం మానేసింది. ఆయన బల్ల మీది చేతిమర, త్రాసు క్లబ్బు బీరువాలోకి వెళ్లాయి.

మిగిలిన గుండ్లను కొట్టుకు తిరిగి ఇచ్చేయాలన్నారు. ఇచ్చే ముందు అన్నీ కొలవాలన్నారు. "మన నుంచి పోయి ఇంకొకని తుపాకిల పడొద్దు." నాలుగు వందల ఇరవై గుండ్లు. మూడు సాయంత్రాలు పట్టింది. ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఒక్కొక్కటీ చదివి, గేజీ ఆయన వైపు తిప్పేదాన్ని, ఆయనకు కనిపించదని తెలిసి కూడా. ఆయన చూసినట్టే తలూపేవారు. నూట ముప్ఫై ఒకటి లావువి తేలాయి. రెండు వేరు సంచుల్లో పోసి, రెండింటికీ చీటీలు కుట్టాను. కొట్టాయన మొదట తీసుకోనన్నాడు, రిజిస్టర్‌లో రాసిన మాల్ వాపస్ రాదన్నాడు. మావగారు కౌంటర్ మీద చెయ్యి పెట్టి, రాసుకునేదాకా కదలనన్నారు. రెండు గంటలు నిలబడ్డాక రాసుకున్నాడు.

వారం అన్న డాక్టర్లు మూడు వారాలకు కట్టు విప్పారు. చూపు నిలిచింది. ఆయన ఆ ఏడాది పోటీలకు వెళ్లలేకపోయాడు. ఏడాది పాటు తయారైన మనిషికి అదేమీ చిన్న నష్టం కాదు. మావగారికి వేసవిలో కంటి ఆపరేషన్ అయింది. బాగానే కనిపించేది. అయినా ఆదివారాలు ఆయనకు ఏం చేయాలో తోచేది కాదు. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కూర్చునేవారు. జీపు వచ్చే వేళ దాటాక లోపలికి వచ్చి చొక్కా మార్చుకునేవారు. నాతో మాట్లాడటం మానేయలేదు. కానీ ఏ పనీ చెప్పేవారు కాదు.

తర్వాతి చలికాలంలో ఆ బ్యాంకాయన మళ్లీ మొదటిసారి పేలుస్తున్నాడని, మా ఇద్దర్నీ రమ్మన్నాడని కబురు వచ్చింది. నాకు వెళ్లాలని లేదు. మావగారు బయల్దేరి గేటు దగ్గర నిలబడి, నా కోసం చూశారు. వెళ్లాను.

షెడ్డు వెనక బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఇంకో చోటు లేదు. ఆమె పక్కనే, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నాను. నన్ను చూసి పలకరించలేదు. ఆయన చాప మీద పడుకున్నాడు. ఈసారి కళ్లకు అద్దాలు. సీలు విప్పిన కొత్త పెట్టెలోంచి తూటా తీసి తుపాకిలో పెట్టాడు. ఆమె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ఇద్వరకు ఎప్పుడూ రాలే నేను," అంది ముందుకే చూస్తూ. "చప్పుడు బాగ పెద్దగ ఉంటదా?"

"ఉంటుందండీ. చెవులు మూసుకోండి."

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. నేను మూసుకోలేదు. చప్పుడు సరిగ్గా ఉందో లేదో నాకు వినాలని ఉంది. పేలింది. శుభ్రంగా, ముందుకే పోయిన చప్పుడు. ఆయన బోల్ట్ లాగాడు. తేలిగ్గా వచ్చింది. ఖాళీ ఇత్తడి గొట్టం చాప పక్కన పడి దొర్లింది. మావగారు లేచి వెళ్లి, దాన్ని తీసుకుని, వెలుగుకు ఎత్తి, అడుగు భాగం చాలాసేపు చూశారు.

"బాగుంది," అన్నారు. "ఇంకొకటి కొట్టున్రి."

ఆమె చెవుల మీంచి చేతులు తీయలేదు. నేను బెంచీ అంచు పట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూశాను.